ఇంట్ల ఎవర్ని అడగలే?

వానకు తడిసిన షామియానాను సరిగ్గా ఆరబెట్టకుండా మడతపెడితే నాలుగు రోజులకల్లా అందులోంచి ఒక వాసన లేస్తుంది. ముక్కిన గుడ్డ వాసన, అందులో కొంచెం మట్టి, కొంచెం పాత కాగితం. మొన్న మా గోదాములో అలాంటి మూట ఒకటి విప్పారు. పనివాళ్ళు ముక్కులు మూసుకుని, నన్ను తిట్టలేక వానను తిట్టారు. నాకు మాత్రం ఆ వాసనకు ఇంగ్లండు గుర్తొచ్చింది. నేను ఇంగ్లండు చూడలేదు, చూసే ఉద్దేశమూ లేదు. నాకు తెలిసిన ఇంగ్లండు మెదక్‌లోనే, కోట కింది గల్లీలో, వహీదా మేడం ఇంటి ముందు గదిలో ఉండేది. అక్కడి చెక్క బీరువా కింది అరలో అట్ట ఊడిన లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి ఉండేది. ఆ ఇంటి కప్పు ప్రతి వానాకాలం సరిగ్గా ఆ బీరువా మీదే కారేది. మేడం కప్పు బాగు చేయించేవారు కాదు, బీరువాను పక్కకు జరిపేవారూ కాదు. పుస్తకం తడిస్తే ఎండలో పెట్టి, ఆరాక మళ్ళీ అక్కడే పెట్టేవారు. వెయ్యేళ్ళ కిందటి రాజులు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, అన్నదమ్ములు అందరూ ఆ పుస్తకంలో ఇదే వాసన వేస్తూ ఉండేవారు.

వహీదా మేడం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఇస్త్రీ చేసిన నూలు చీరలో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఆ మూడూ కలిస్తే మాకు పాఠం. దూరవిద్యలో ఎంఏ చదివేవాళ్ళకు సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవారు. ఇంగ్లండు చరిత్ర పేపరును నేను ఇష్టపడి తీసుకోలేదు. ఆ పేపరుకు ఇచ్చిన పుస్తకం అన్నిటికన్నా పల్చగా ఉందని తీసుకున్నాను. మొదటి రోజే ఆ మాట ఆవిడతో చెప్పేశాను కూడా. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. నా పల్చటి పుస్తకాన్ని బల్ల చివరకు తోసి, బీరువా కింది అరలోంచి లావుపాటిది తీశారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, డిగ్రీ దాకా చదివి పేజీల దగ్గర పిసినారితనమేమిటని మాత్రం అడిగారు.

నేను ఎంఏలో ఎందుకు చేరానో కూడా చెప్పాలి. మా నాన్న మెదక్‌లో టెంట్‌హౌస్ నడిపేవాడు. పెళ్ళిళ్ళకు, చావులకు, మీటింగులకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే దుకాణం. నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయాడు. నాకు అన్నదమ్ములు లేరు. అమ్మ తమ్ముడు నర్సింలు మామ చేగుంట నుంచి వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. మామకు ఒక్కడే కొడుకు, శ్రీకాంత్. నాకు బావ. ఇక చెప్పేదేముంది, మేనరికం మా ఇళ్ళలో గాలి లాంటిది, ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడరు. నా చదువు అయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక దుకాణం సామానంతా తూప్రాన్‌కు తరలింపు. హైవే మీద ఫంక్షన్ హాళ్ళు లేస్తున్నాయి, గిరాకీ అక్కడే అని మామ లెక్క. ఆ లెక్క తప్పని నేను అనను. ఇవన్నీ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వంటింట్లో, వాకిట్లో, దుకాణం మెట్ల మీద చెవిన పడ్డవి. ఎంఏ అంటే ఇంట్లో కూర్చుని చదివే చదువు కాబట్టి, ముహూర్తం దాకా పిల్లకు పొద్దుపోతుందని అమ్మ ఒప్పుకుంది.

మేడం దగ్గర మొదట పట్టుబడింది అంకుల్ అనే మాట. ఆల్‌ఫ్రెడ్ అనే రాజు గురించి రాస్తూ, చిన్న పిల్లల్ని కాదని వాళ్ళ అంకుల్ గద్దెనెక్కాడని రాశాను. ఆవిడ పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టారు.

"అంకుల్ అంటె ఎవరు? పెదనాయననా, చిన్నాయననా, మేనమామనా? ఇంగ్లీషోల్లకు అందరికి ఒక్కటే మాట. మనకు గట్ల నడవది. గీ రాజుల ఇండ్ల కొట్లాటలన్ని ఆ ఒక్క మాట ఎనుక దాసుకున్నరు."

ఆ లావుపాటి పుస్తకం అంచుల నిండా ఆవిడ పెన్సిలు రాతలుండేవి. ఇది అన్న కొడుకు, ఇది సవతి తమ్ముడు, ఇది మేనత్త. కొన్నిచోట్ల ఉర్దూలో, చిన్నాయనకు చాచా, మేనమామకు మామూ, మేనత్తకు ఫూఫీ అని. ఆశ్చర్యమేమిటంటే, వరసలు కలపగానే నోరు తిరగని ఆ పేర్లన్నీ మనుషులయ్యాయి. వెసెక్స్ అనే రాజ్యంలో ముగ్గురు అన్నలు ఒకరి తర్వాత ఒకరు రాజులై చనిపోయారు. చివరి అన్నకు కొడుకులున్నారు, కానీ పసివాళ్ళు. సముద్రం మీంచి దండెత్తి వచ్చిన డేన్లు ఇంటి ముందరే ఉన్నారు. పెద్దమనుషులు పసివాళ్ళను పక్కనపెట్టి, చిన్నాయనను గద్దెనెక్కించారు. ఆయనే ఆల్‌ఫ్రెడ్. అది అన్యాయం కాదా అని అడిగాను. మా దుకాణం గల్లాపెట్టె ముందు మామ కూర్చున్న రోజులు కాబట్టి నా గొంతులో కొంచెం వేడి ఉండే ఉంటుంది.

"ఆల్‌ఫ్రెడ్ మంచి రాజే. పోరగాండ్లకు అయింది అన్యాయమే. రెండు రాయి. ఒకటి రాసి ఇంకోటి కొట్టెయ్యకు," అన్నారు మేడం. తర్వాత పెన్సిలు బల్ల మీద పెట్టి, "యుద్ధాలు ఏ గైడుల చూసినా దొరుకుతయ్. నువ్వు నాకు గిది చెప్పు. ఇంట్ల ఎవర్ని అడగలే?" అన్నారు.

ఆ తర్వాత ప్రతి రాజు పాఠం చివర ఇదే ప్రశ్న. ఎవరు గెలిచారు, ఎక్కడ కోట కట్టారు, ఏ బిషప్పు వచ్చాడు అన్నీ అయ్యాక, నేను సంచి సర్దుకునే వేళకు, ఇంట్ల ఎవర్ని అడగలే? మొదట్లో విసుగొచ్చేది. తర్వాత్తర్వాత నేనే వెతకడం మొదలుపెట్టాను. ఎథెల్‌స్టన్ అనే రాజు, ఆల్‌ఫ్రెడ్‌కు మనవడు, సముద్రం అవతల ఒక రాకుమారుడు సంబంధం అడిగితే ఇద్దరు చెల్లెళ్ళను పంపించాడు. నచ్చినదాన్ని ఎంచుకో అన్నట్టు, బట్టల దుకాణంలో రెండు చీరలు విప్పి చూపించినట్టు. ఆ రాకుమారుడు ఒకామెను ఎంచుకున్నాడు. రెండో ఆమెను ఇంకెవరికో ఇచ్చారు. ఎవరికిచ్చారో తేటగా రాసినవాళ్ళు లేరు. ఈ సంగతి నేను కనిపెట్టి చెప్పిన రోజు మేడం నాకు ఇలాచీ చాయ్ పోశారు. ఆవిడ మెచ్చుకోలు అంతకుమించి ఎప్పుడూ పోలేదు.

అందరిలోకీ మేడంకు ఇష్టమైనది ఎథెల్‌ఫ్లెడ్. ఆల్‌ఫ్రెడ్ పెద్ద బిడ్డ. పక్క రాజ్యమైన మెర్సియా దొరకు ఆమెనిచ్చి చేశారు. భర్త పోయాక ఆమే మెర్సియాను ఏలింది, కోటలు కట్టించింది, సైన్యాన్ని నడిపింది. ఆమెకు ఒక్కతే కూతురు, ఎల్ఫ్‌విన్. తల్లి పోయాక మెర్సియా ఆ పిల్ల చేతికి వచ్చింది. కొన్ని నెలలకే ఆ పిల్ల మేనమామ, ఎథెల్‌స్టన్ తండ్రి అయిన వెసెక్స్ రాజు, వచ్చి ఆమె అధికారం తీసేసి తన రాజ్యానికి పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆమె ఏమైందో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు. మఠంలో చేరిందని కొందరు అనుకుంటారు. పాత రాతల్లో ఆమెకు దక్కింది దాదాపు ఆ ఒక్క వాక్యమే. ఆ వాక్యం దగ్గర మేడం ఏమీ రాయలేదు. పెన్సిలుతో ఒక గీత మాత్రం గీశారు.

ఇక నా ఘనకార్యం. ఎథెల్‌స్టన్ పెళ్ళెందుకు చేసుకోలేదన్న ప్రశ్నకు వ్యాసం రాయమన్నారు. చిన్నప్పుడు అతన్ని మేనత్త ఎథెల్‌ఫ్లెడ్ ఇంట్లోనే పెంచారని ఒక మాట ఉంది. అది చదవగానే నా బుర్రలో దీపం వెలిగింది. మేనత్త ఇల్లు, మేనత్త కూతురు, ఒకే వాకిట్లో పెరిగిన ఇద్దరు. మరదలిని చేసుకుంటే పోయేది కదా! వెసెక్స్, మెర్సియా కొట్లాట లేకుండా ఒక్కటయ్యేవి, పిల్లను పట్టుకుపోయే అవసరమే ఉండేది కాదు, రాజు బ్రహ్మచారిగా మిగిలేవాడు కాదు. ఇంత సులువైన దారి అంతమంది పండితులకు తట్టనందుకు జాలిపడుతూ నాలుగు పేజీలు రాశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మెర్సియాను, ఎల్ఫ్‌విన్‌ను కలిపి ఎథెల్‌స్టన్ చేతిలో పెట్టేశాను.

మేడం ఆ నాలుగు పేజీలూ చదువుతూ నవ్వారు. ఆవిడ అలా పైకి వినిపించేలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రాజుల చర్చిలో మేనరికం పాపమని, దూరపు చుట్టాన్ని చేసుకున్నందుకే ఒక రాజును, రాణిని విడదీశారని చెప్పారు. మీ ఇంట్లో అది ముచ్చట, మా ఇంట్లో చాచా బిడ్డనైనా చేసుకుంటాం, మీరేమో ఆమెను చెల్లె అంటారు, ఒక్కటే చెట్టును మూడిళ్ళలో మూడు రకాలుగా చదువుతారని అన్నారు. పైగా ఎల్ఫ్‌వినే వయసులో పెద్దదై ఉండొచ్చట, అప్పుడు మరదలు కాదు, వదిన. నేను కూడా నవ్వాను. అప్పుడు ఆవిడ కాగితాలు మడిచి నా చేతికిచ్చారు.

"చర్చిని పక్కకు పెట్టు. ఆ పిల్లను మామ గుంజుకపోయిండు. నువ్వు బావకు కట్టబెట్టినవ్. ఇద్దర్ల ఎవరన్న ఆమెను అడిగిండ్రా?"

ఆవిడ చాయ్ గ్లాసు ఎత్తి, తాగి, దించి, "పోనీ ఎథెల్‌స్టన్‌నన్న అడిగినవా?" అన్నారు.

మా ఇంటి సంగతి ఆవిడకు తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మెదక్ పెద్ద ఊరేమీ కాదు, తెలిసే ఉంటుంది. కానీ ఆ రోజుగానీ, తర్వాతగానీ ఆ సంగతి ఆవిడ నోట రాలేదు. నాకు మాత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ ఒళ్ళు మండింది. మామ మీద కాదు, మేడం మీద. నాకు ఇంట్లో ఏం జరుగుతోందో అదే పనిని నేనే సొంత చేతులతో, మంచి దస్తూరితో, ఇంకో పిల్లకు చేసి పెట్టాను. పెళ్ళి వద్దని గానీ కావాలని గానీ అప్పటిదాకా నాకొక అభిప్రాయం ఉందా అంటే అదీ లేదు. అడగనిదానికి జవాబు తయారు చేసుకోవాలని ఎవరికి తడుతుంది? ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తే జవాబు ఉంది. నాకు దుకాణం కావాలి, మెదక్‌లోనే కావాలి. బావ అక్కర్లేదు.

శ్రీకాంత్ తూప్రాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారాలు వచ్చి లోడింగుకు సాయం చేసేవాడు. ఆ ఆదివారం గోదాములో ఇద్దరం పరదాలు మడతపెడుతున్నాం. చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడి ఉండగా, నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా అని అడిగేశాను. అతను పరదా కొస వదల్లేదు. చాలాసేపు దాని అంచు సరిచేస్తూ ఉండిపోయాడు.

"నన్ను అడిగినదానివి నువ్వే స్వరూపా," అన్నాడు చివరికి. "నాకు ఇష్టం లేదు. నీ మీద కోపం లేదు. చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నం. పెండ్లాం అనుకోవాలంటె ఎట్లనో ఉంటది. టెంట్లు మోసుడు గూడ నాతోని కాదు."

నాకూ ఇష్టం లేదన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత తేలిగ్గా నేను జీవితంలో ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు. పరదా మడత మాత్రం వంకరగా వచ్చింది, మళ్ళీ విప్పి పెట్టాల్సి వచ్చింది.

మామతో చెప్పడం అంత తేలిక కాలేదు. వచ్చే మంచి రోజుల్లో ముహూర్తం పెట్టుకుందామని అమ్మ, మామ మాట్లాడుకుంటున్నప్పుడు నేను, బావ కలిసి వెళ్ళి చెప్పాం. పెళ్ళి వద్దు, దుకాణాన్ని తూప్రాన్ తీసుకుపోవద్దు, నేను కూర్చుంటాను. అమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టి, మామ ముఖం చూసి ఆగిపోయింది. మామ అరుస్తాడని నేను లోపల అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. మా ఇద్దరినీ ఎవరూ అడగలేదు అన్న వాక్యాన్ని దారంతా వల్లె వేసుకుని వచ్చాను, అదీ అనేశాను. ఆయన అరవలేదు.

"నన్నెవరు అడిగిండ్రు బిడ్డా?" అన్నాడు. "మీ నాయిన పోయిననాడు అందరు నా మొకమే సూసిండ్రు. పొలం కౌలుకిచ్చి వచ్చిన. నర్సింలూ, నీకు చేతనైతదా, నీకు ఇష్టమేనా అని ఒక్కరన్న అడిగిండ్రా?"

మొలకు కట్టుకున్న దుకాణం తాళాలు విప్పి నాన్న ఫొటో కింద పెట్టి, సాయంత్రం బస్సుకు చేగుంట వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. అమ్మ నాతో మాట్లాడలేదు. దుకాణం తెరిచాను గానీ, పైపులు ఎలా నిలబెట్టాలో, ఏ తాడు ఎక్కడ కట్టాలో నాకు తెలియదు. మొదటి ఫంక్షన్‌లోనే గాలికి ఒక పక్క షామియానా ఒరిగి, వండిన పప్పులో పడింది. తిండి పోయినందుకు వాళ్ళు తిట్టారు, పడాల్సిందే కాబట్టి పడ్డాను.

మేడం దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. చాయ్ వస్తుందని ఆశపడ్డాను. ఆవిడ అంతా విని, మామకు ఇష్టమో కాదో నువ్వన్నా అడిగినవా అన్నారు. లేదన్నాను. "మరి గది గూడ రాసుకో," అని పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆ వేళ పాఠం, ఎల్ఫ్‌విన్‌ను పట్టుకుపోయిన ఆ మేనమామ రాజు గురించే. తోడుగా నిలిచిన అక్క పోయింది, పొలిమేరల్లో శత్రువులు, పసితనం నుంచి యుద్ధం తప్ప ఇంకోటి చూడనివాడు. అతను చేసింది తప్పు కాకుండా పోదు, అతని బరువూ అబద్ధం కాదు. రెండూ రాయి అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు నచ్చలేదు. గెలిచి వచ్చినదాన్ని కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష పెట్టినట్టనిపించింది.

అయినా చేగుంట వెళ్ళాను. కౌలు నుంచి వెనక్కి తీసుకున్న పొలం గట్టు మీద మామ ఉన్నాడు. దుకాణం నడిపిన రోజుల్లో నీకేం కావాలనిపించేది మామా అని అడిగాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత, నాట్లప్పుడు ఇక్కడ ఉండాలనిపించేది అన్నాడు. రెండు వారాలకు ఒకనాడు పొద్దున్నే దుకాణం ముందు బస్సు దిగి, నాట్లు అయిపోయినయ్ అని ఒక్క మాట చెప్పి, పైపులు బయట వేయించాడు. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ముందు ఆ పక్క తాడు బిగించాలని, షామియానా మధ్యలో నీళ్ళు నిలవకుండా కర్ర ఎక్కడ ఎత్తాలో, చావింట్లో పరదాలు ఎంత నెమ్మదిగా విప్పాలో నాకు నేర్పినవాడు మామే. శ్రీకాంత్ తనకు నచ్చిన పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్ళికి షామియానా నాదే. నేను కట్టిన తాళ్ళన్నీ మామ ఒక్కొక్కటే లాగి చూసుకుంటూ తిరిగాడు.

చాలా ఏళ్ళు గడిచాయి. ఎంఏ పాసయ్యాను, ఇంగ్లండు పేపరులో మార్కులు బొటాబొటిగానే వచ్చాయి. నాకూ పెళ్ళయింది, నన్ను అడిగే అయింది. మేడం మోకాళ్ళు అరిగిపోయి ఇంట్లోంచి బయటకు రావడం మానేశారు. ఒకరోజు ఆవిడ అన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఆంటీని తమ ఇంటికి తీసుకుపోతున్నామని, సామాను ఎక్కించడానికి మనుషులను, తాళ్ళను పంపమని. మనుషులను ముందు పంపి, వెనకే నేనూ వెళ్ళాను. వాకిట్లో కారు, వెనక చిన్న లారీ. మంచం, బీరువా మా వాళ్ళు అప్పటికే లారీ ఎక్కించారు. ముందు గదిలో మిగిలిన ఒక్క కుర్చీలో మేడం, ఇస్త్రీ చీరలో, ఒళ్ళో ఆ అట్ట ఊడిన పుస్తకం. అన్న కొడుకు మంచివాడే, ఆవిడ మందుల సంచి తనే మోస్తున్నాడు, ఆవిడ కోసం కింది గది ఖాళీ చేయించానని నాకు చెప్తున్నాడు. ఆవిడ గోడకేసి చూస్తున్నారు. ఆ గోడ మీద బీరువా తీసిన చోట పాత చెమ్మ మరక ఉంది.

నేను ఆవిడ పక్కన కింద కూర్చుని, "మేడం, మిమ్ముల అడిగిండ్రా?" అన్నాను.

"లేదు," అన్నారు. పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని, "నేను గూడ పోదమనే అనుకుంటున్న. ఈడ ఒక్కదాన్ని చాతనైతలేదు. అడిగితె గదే చెప్పెదాన్ని గద," అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు, అదే చివర.

బయటకు వెళ్ళి అన్న కొడుకుతో చెప్పాను. అతను మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికొచ్చి, నేను కూర్చున్న చోటే కింద కూర్చుని, తలొంచుకుని ఉర్దూలో అడిగాడు. ఫూఫీజాన్, మా ఇంటికి వస్తారా అని. మేడం చాయ్ తెమ్మన్నారు. చాయ్ గ్లాసు మా టెంట్‌హౌస్ మనిషి పక్కింటి నుంచి తెచ్చాడు. అది మెల్లగా, చివరి చుక్క దాకా తాగారు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"సోంచాయించి శుక్రవారం చెప్త," అన్నారు.

ఆవిడ ఆలోచించుకోవాలి కాబట్టి మంచం దించాం, బీరువా దించాం, దాని పాత చోటనే, కప్పు కారే చోటనే పెట్టాం. లారీ ఖాళీగా వెళ్ళింది. శుక్రవారం ఆవిడ వస్తానన్నారు. ఆదివారం కారులో ముందు సీట్లో కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయారు. పోయినేడు హైదరాబాద్‌లోనే కన్ను మూశారు. అన్న కొడుకు నాకు ఫోన్ చేశాడు. పుస్తకం గురించి నేను అడగలేదు, అది ఆ ఇంటిది.

ఇప్పుడు మా దుకాణంలో ఒక అలవాటుంది. పెళ్ళికి షామియానా మాట్లాడుకోవడానికి వచ్చిన తండ్రులను, పిల్లను ఒకసారి ఫోన్లో ఇవ్వండ్రి, పరదాల రంగు అడగాలె అంటాను. మేం చెప్తం గద అంటారు. నేను ఊరుకోను. ఇదేదో వ్యాపారం కిటుకు అనుకుంటారు, అనుకోనీ. చాలామంది పిల్లలు గులాబీ అంటారు, పసుపు అంటారు. కొందరు మీ ఇష్టం అంటారు, వాళ్ళను మాత్రం ఇంకోసారి అడుగుతాను. పోయిన వారం నిజాంపేట నుంచి ఒకాయన వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పరదాలకు ఏ రంగు కావాలని అవతల పిల్లను అడిగాను.

"నన్నే అడుగుతున్నరా?" అంది. అవునన్నాను. "అయితె సోంచాయించి చెప్త అక్కా," అంది.

ఫోన్ ఆయనకు ఇచ్చేసి, శుక్రవారం దాకా ఆగమన్నాను.